ఆకాశంలో దారి ఎవరు కాయాలి?

(కొత్తకోటలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ సారు అర్థశాస్త్రం చెప్పేవారు. ఎవరు ఏ పథకం గురించి గొప్పగా మాట్లాడినా ఓపికగా విని రెండే ప్రశ్నలు వేసేవారు. సొమ్ము ఎవరిది? తప్పు జరిగితే జవాబు చెప్పేది ఎవరు? నా ఉద్యోగ జీవితమంతా గడిచిన రంగానికి ఆ రెండు ప్రశ్నలూ వేసి చూడాలని ఇవాళ వచ్చాను.

ఆ రంగం ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్. దీన్ని సర్కారే నడపాలా, ప్రైవేటుకు అప్పగించాలా అన్న చర్చ ప్రపంచంలో నలభై ఏళ్లుగా సాగుతున్నది. మన దగ్గర అది పెద్దగా బయటికి రాలేదు. వచ్చే రోజు దూరంలో లేదని నా నమ్మకం, అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మన ఊరి పక్కనుంచే 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. దాని మీద ఏ లారీ పోతున్నదో, ఎక్కడ టోల్ కడుతున్నదో అందరికీ తెలుసు. నెత్తి మీద ఇంకో రహదారి ఉంది. బెంగళూరు నుంచి హైదరాబాదు వచ్చే విమానం కృష్ణ దాటి మన జిల్లాల మీదికి వచ్చేసరికే కిందికి దిగుతూ ఉంటుంది. అదే సమయంలో శంషాబాదులో లేచి దక్షిణానికి పోయే విమానం పైకి ఎక్కుతూ ఉంటుంది. దిగేదీ ఎక్కేదీ ఒకే ఎత్తులో ఎదురుపడకుండా చూసే మనిషి ఒక గదిలో, తెర ముందు, చెవికి హెడ్‌సెట్ పెట్టుకొని కూర్చొని ఉంటాడు. నిలువున వెయ్యి అడుగులు, లేదా రాడార్ మీద అడ్డంగా కొన్ని మైళ్లు, ఈ రెండింట్లో ఏదో ఒక ఎడం ఎప్పుడూ ఉండాలి. ఆ ఎడాన్ని కాపాడటమే ఉద్యోగం.

బేగంపేటలో మేం పనిచేసిన రోజుల్లో ప్రతి విమానానికీ ఒక కాగితం పట్టీ ఉండేది. స్ట్రిప్ అంటాం. ప్లాస్టిక్ హోల్డరులో దూర్చి ముందున్న బోర్డు మీద వరసగా పేర్చుకుంటాం. విమానం పిలుపు పేరు, రకం, ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ ఎత్తు, ఏ వేళకు ఏ బిందువు దాటుతుంది, అన్నీ దాని మీదే. కొత్త ఎత్తు ఇస్తే పాతదాన్ని ఒక గీతతో కొట్టేసి పక్కన కొత్తది రాయాలి. చెరిపేయకూడదు. రేపు విచారణ జరిగితే ఏ క్షణంలో ఏం చెప్పామో ఆ కాగితమే చెప్పాలి. డ్యూటీ మారేటప్పుడు వచ్చినవాడు వెంటనే కుర్చీలో కూర్చోడు. వెనక నిలబడి కాసేపు వింటాడు, చూస్తాడు. దిగేవాడు ఒక్కో స్ట్రిప్ మీద వేలు పెట్టి చదువుతాడు. అన్నీ తలకెక్కాయి అన్నాకే కుర్చీ ఖాళీ అవుతుంది. కాగితం పోయి ఇప్పుడు తెర మీద బొమ్మలు వచ్చాయి కానీ, ఆ నిలబడి వినడం ఇంకా పోలేదు. ఈ పనికి డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో ఇక్కడే తెలుస్తుంది. ఒక కుర్చీకి ఒక మనిషి చాలడు. వచ్చేవాడూ ఉండాలి, దిగేవాడూ ఉండాలి, పక్కన అలసిపోనివాడు ఇంకొకడూ ఉండాలి.

శంషాబాదు విమానాశ్రయం ప్రైవేటుది కదా, అక్కడ కంట్రోలరు కూడా ఆ కంపెనీ ఉద్యోగే అని చాలామంది అనుకుంటారు. కాదు. 2008 మార్చి 23న మొదలైనప్పుడు ఆ విమానాశ్రయంలో జీఎంఆర్‌కు 63 శాతం, మలేషియా ఎయిర్‌పోర్ట్స్‌కు 11, భారత విమానాశ్రయాల సంస్థ ఏఏఐకి 13, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం వాటాలు ఉండేవి. తర్వాత మలేషియా వాటా కూడా జీఎంఆరే కొనుక్కుంది. రన్‌వే, టెర్మినల్, పార్కింగ్, దుకాణాలు ఆ కంపెనీ నడుపుతుంది. టవర్‌లో మాట్లాడే గొంతు మాత్రం ఏఏఐ ఉద్యోగిది. ఢిల్లీ, ముంబయి విమానాశ్రయాలు 2006లో ప్రైవేటు చేతికి పోయినప్పుడూ, తర్వాత ఇంకొన్ని అదానీ సంస్థకు లీజుకు పోయినప్పుడూ ఇదే పద్ధతి. అంటే మన దేశం నేలను ప్రైవేటుకు ఇచ్చింది, ఆకాశాన్ని ఇవ్వలేదు. పెద్ద సిద్ధాంత చర్చ ఏదీ జరగకుండానే మనం ఒక గీత గీసుకున్నాం. ఆ గీత సరైన చోటే పడిందని నేను అంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు అవతలి పక్షం మాట నిజాయితీగా వినాలి.

వాళ్ల మాటలో బలం ఉంది. సర్కారు శాఖ అంటే టెండర్లు, ఫైళ్లు, ఆలస్యం. 1996 నవంబర్ 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది పోయారు. ఒకరూ బతకలేదు. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానంలో ఎక్కువమంది గల్ఫ్‌కు పనికి పోతున్న మనవాళ్లే. పాలమూరు వాళ్లకు ఆ ప్రయాణం ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు. సౌదీ విమానానికి 14 వేల అడుగులు, దిగుతున్న కజక్ విమానానికి 15 వేల అడుగులు ఇచ్చారు. కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు కన్నా కిందికి జారింది. విచారణ జరిపిన లాహోతీ కమిషన్ తప్పు ఆ సిబ్బందిదేనని తేల్చింది. నిజమే. కానీ ఆ రోజు ఢిల్లీ కంట్రోలరు ముందున్న పాత రాడార్ చుక్కను చూపేది, ఎత్తును చూపేది కాదు. ఎత్తు చూపించే కొత్త రాడార్ పని సాగుతూ ఉంది, వాడకంలోకి రాలేదు. వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ గాలిలో ఒకటే దారి. దారులు వేరు చేయడం, ఢీకొనకుండా హెచ్చరించే పరికరం ప్రతి విమానంలో ఉండాలనడం ఆ తర్వాతే జరిగాయి. ఆలస్యానికి సర్కారు కట్టిన మూల్యం ఇది. ప్రైవేటు కావాలనేవాళ్లు దీన్ని చూపిస్తే కాదనలేం.

అయితే ఇంకో రాత్రి కూడా చూడాలి. 2002 జూలై 1, జర్మనీలో ఊబర్‌లింగెన్ పట్టణం మీద రష్యా ప్రయాణికుల విమానం, ఒక సరుకుల విమానం గుద్దుకున్నాయి. 71 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలు. ఆ ఆకాశాన్ని చూస్తున్నది స్కైగైడ్ అనే స్విస్ సంస్థ. దాని వాటాలు దాదాపు అన్నీ ప్రభుత్వానివే, నడక మాత్రం కంపెనీ నడక. ఆ రాత్రి ఇద్దరు కంట్రోలర్లలో ఒకరు విశ్రాంతికి పోతే మిగిలినవాడు ఒంటరిగా రెండు తెరలు చూసుకున్నాడు. రాత్రిపూట అలా ఒక్కరే ఉండటం అక్కడ అలవాటుగా సాగుతూ వచ్చింది. మరమ్మతు కోసం ప్రధాన ఫోన్ లైన్లు ఆపేశారు. పక్క కేంద్రం వాళ్లు ప్రమాదం చూశారు, ఫోన్ చేశారు, లైన్ కలవలేదు. తర్వాత కోర్టు శిక్ష వేసింది ఆ సంస్థ మేనేజర్లకు.

ఢిల్లీలో యంత్రం తక్కువైంది, అక్కడ మనిషి తక్కువయ్యాడు. ఒకచోట సర్కారీ సంస్థ, ఒకచోట కంపెనీ. యాజమాన్యం పేరు మారిస్తే ప్రాణాలు నిలుస్తాయన్న మాట రెండు వైపులా నిలవదు.

యంత్రాల సంగతి కూడా అంతే. 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఆకాశాన్ని చూసే న్యాట్స్ సంస్థలో 2001లోనే విమాన సంస్థల కూటమికి 46 శాతం వాటా ఇచ్చి ప్రభుత్వం 49 శాతం ఉంచుకుంది, మిగిలిన 5 ఉద్యోగులకు. ఆ రోజు లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్ పోయే ఒక విమానం ప్రయాణ పత్రం (ఫ్లైట్ ప్లాన్) వచ్చింది. దారిలో ఉన్న రెండు బిందువులకు ఒకే పేరు, డీవీఎల్. ఒకటి అమెరికాలో, ఇంకొకటి ఫ్రాన్సులో. కంప్యూటరు తికమకపడి ఆగింది. దానికి తోడున్న రెండో కంప్యూటరుకూ అదే పత్రం అందింది, అదీ ఆగింది. క్షణాల్లో రెండూ పోయాయి. సెలవు రోజు కావడంతో బాగు చేయాల్సిన ఇంజినీరు ఇంటి దగ్గర ఉన్నాడు. ఆయన ఆఫీసు చేరడానికి గంటన్నర పట్టింది. 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బందిపడ్డారు.

మన ఢిల్లీలో 2025 నవంబర్ 6, 7 తేదీల్లో విమానాల ప్రయాణ పత్రాలను కంట్రోలర్లకు చేరవేసే సందేశ వ్యవస్థ చెడిపోయింది. కంట్రోలర్లు ఆ వివరాలు చేత్తో తయారుచేసుకుంటూ విమానాలు పంపారు. 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. వ్యవస్థ పాతబడిందని కంట్రోలర్ల సంఘం నెలల ముందే చెప్పింది. కుర్చీలో ఉన్నవాడి మాట బల్ల వెనక ఉన్నవాడి చెవికి ఎక్కకపోవడం అన్ని దేశాల్లోనూ, అన్ని యాజమాన్యాల్లోనూ కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

కొత్త టెక్నాలజీ రావాలంటే ప్రైవేటు రావాలి అనేవాళ్లకు మన సరళాసాగర్ చూపిస్తాను. వనపర్తి రాజా రామేశ్వరరావు గారు తల్లి పేరిట 1949లో మొదలుపెట్టించిన ప్రాజెక్టు అది. నీరు నిండితే గేటు ఎత్తే మనిషి లేకుండా సైఫన్లే తమంతట తాము తెరుచుకుంటాయి. అంత తెలివైన ఏర్పాటు మన పక్కనే ఉంది. సైఫన్లు తమ పని తాము చేస్తాయి, కట్టను మాత్రం మనిషే చూసుకోవాలి. 2019 డిసెంబర్ 31 పొద్దున తెగింది కట్టే. ఆకాశంలోనూ ఇదే. ఇస్రో, ఏఏఐ కలిసి తయారుచేసిన గగన్ ఉపగ్రహ వ్యవస్థ 2015 నుంచి విమానం దిగడానికి కూడా ఉపయోగపడేంత ఖచ్చితంగా దారి చూపుతున్నది. రెండు ప్రభుత్వ సంస్థలు చేసిన పని అది. సర్కారుకు కొత్తది చేతకాదన్న వాదన అక్కడ ఆగిపోతుంది. చేసినదాన్ని ఏళ్ల తరబడి శ్రద్ధగా కాపాడుకుంటామా అన్నదే అసలు సంశయం.

ఇక సొమ్ము. కంట్రోలరు జీతం, రాడార్ ఖర్చు మన పన్నుల నుంచి వస్తుందనుకుంటారు. విమాన సంస్థలు కడతాయి. విమానం బరువు, మన ఆకాశంలో పోయిన దూరం లెక్కగట్టి ఏఏఐ రుసుము వసూలు చేస్తుంది. మన నేల మీద దిగకుండా పైనుంచి పోయే విదేశీ విమానమైనా కట్టాల్సిందే. టికెట్ మీద విమానాశ్రయం వాళ్ల యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు విడిగా కనిపిస్తుంది, ఈ రుసుము కనిపించదు. దుబాయికి పోయే కొడుకు టికెట్‌లో అది కలిసిపోయి ఉంటుంది.

ఈ రాబడే ప్రైవేటుకు ఆశ పుట్టించేది. పోటీ లేని వ్యాపారం. వనపర్తి మీద పోయే విమానం, ఈ కంట్రోలరు నచ్చలేదు ఇంకొకరిని పిలుస్తాను అనలేదు. ఒక ఆకాశానికి ఒకరే ఉండాలి. పోటీ ఉంటేనే ప్రైవేటుకు మంచి గుణాలు వస్తాయని అర్థశాస్త్రం పుస్తకాల్లోనే రాసి ఉంది. పోటీ లేనిచోట అది లాభానికి ఇచ్చిన గుత్తాధిపత్యం అవుతుంది. లాభం పెంచాలంటే రెండే మార్గాలు. రుసుము పెంచాలి, లేదా కుర్చీల వెనక నిలబడే మనుషుల్ని తగ్గించాలి.

ఒప్పందం గట్టిగా రాసుకుంటే చాలదా అని అడగవచ్చు. ఒప్పందాలు ఎంత దూరం కట్టేస్తాయో మన దగ్గరే సాక్ష్యం ఉంది. 2004 డిసెంబర్‌లో శంషాబాదు విమానాశ్రయానికి కేంద్రం రాసిచ్చిన ఒప్పందంలో, ప్రారంభమైన నాటి నుంచి 25 ఏళ్లు 150 కిలోమీటర్ల లోపల కొత్త విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. వేలకోట్లు పెట్టేవాడికి ఆ భరోసా అప్పుడు అవసరం అనిపించింది, దాన్ని నేను నేరంగా చూడను. కానీ ఆ గీత లోపలే మన అడ్డాకల్ మండలం గుడిబండ ఉంది. రాష్ట్రం విమానాశ్రయం కావాలని అడిగిన ఆరు చోట్లలో అదొకటి. కొత్తకోట కూడా ఆ గీత లోపలే. వరంగల్ మామునూరు పాత విమానాశ్రయాన్ని తెరవడానికి కూడా జీఎంఆర్ సమ్మతి కోసం రాష్ట్రం ఏళ్లు తిరిగి 2025లో దారి చేసుకుంది. భూమి మీది విమానాశ్రయం విషయంలోనే ఇంత ముడి పడితే, దేశం మీది గాలినంతా పాతిక, ముప్పై ఏళ్లకు రాసిచ్చే కాగితంలో ముందుగా ఊహించి రాయలేనివి ఎన్ని ఉంటాయి? యుద్ధం వస్తే ఏ ఆకాశం మూయాలి, వైమానిక దళానికి ఏ దారి వదలాలి అన్నవి గంటల్లో తేల్చుకోవాల్సిన విషయాలు. 2006లో జర్మనీ పార్లమెంటు అక్కడి సంస్థను అమ్మడానికి చట్టం చేస్తే, దేశాధ్యక్షుడు హార్స్ట్ కోలర్ అది రాజ్యాంగ విరుద్ధమని సంతకం పెట్టలేదు. ఆకాశాన్ని కాయడం ప్రభుత్వం వదులుకోలేని బాధ్యత అన్నదే ఆయన అభ్యంతరం. నా అభ్యంతరమూ అదే.

ఇంకో సంగతి మన కడపది. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లను విమానాలతో కలిపే ఉడాన్ పథకం మొదలైన రోజే కడప–హైదరాబాదు విమానం కూడా ఎగిరింది. ఆ చిన్న విమానాలకు ఏఏఐ ల్యాండింగ్ వేళ కంట్రోల్ రుసుము వదులుకుంటుంది, దారి రుసుములో రాయితీ ఇస్తుంది. పెద్ద విమానాల మీద వచ్చిన సొమ్ముతో చిన్న ఊళ్లను మోస్తుంది. వాటాదారుకు లెక్క చెప్పాల్సిన కంపెనీ ఇలా తనంతట తాను చేయదు.

ఇంత చెప్పాక, ఉన్నది ఉన్నట్టే ఉండాలంటానని అనుకోకండి. ఖజానా మీద ఆధారపడిన శాఖ ఎంత బలహీనమో అమెరికా చూపించింది. ఢిల్లీలో కంప్యూటరు మొరాయించిన ఆ నవంబర్ 7నే, అమెరికాలో 40 పెద్ద విమానాశ్రయాల్లో విమానాలు తగ్గించడం మొదలుపెట్టారు. అక్కడ బడ్జెట్ మీద రాజకీయ పంతంతో ప్రభుత్వం 43 రోజులు స్తంభించింది. కంట్రోలర్లు జీతం లేకుండా పనిచేశారు, చాలామంది రాలేకపోయారు. ఆకాశం నాయకుల బేరసారాలకు తాకట్టు కాకూడదు.

కెనడా ఇంకో దారి చూసింది. 1996 నవంబర్ 1న ఆ దేశం తన కంట్రోల్ వ్యవస్థను 150 కోట్ల కెనడా డాలర్లకు నావ్ కెనడా అనే సంస్థకు ఇచ్చింది. దానికి వాటాదారులు లేరు, లాభం పంచుకోవడం లేదు. విమాన సంస్థలు, ప్రభుత్వం, ఉద్యోగ సంఘాలు ముగ్గురి మనుషులూ బోర్డులో కూర్చుంటారు. మంచి యంత్రాలు తెచ్చుకున్నారు, ఇతర దేశాలకూ అమ్మారు. నేను గౌరవించే నమూనా ఇది. కానీ 2020లో కోవిడ్ వచ్చి విమానాలు ఆగితే రాబడి కూలింది. విమానాలే లేని కాలంలో రుసుము సుమారు 30 శాతం పెంచారు, సిబ్బందిని తగ్గించారు. ఒక కంట్రోలరును తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది. పంపేసినవాణ్ని విమానాలు తిరిగొచ్చిన నెలలో పిలిచి కూర్చోబెట్టలేం. బ్రిటన్ న్యాట్స్‌కు కూడా ప్రైవేటు వాటా వచ్చిన కొద్ది నెలలకే 2001 సెప్టెంబర్ 11 దాడులతో రాబడి పడిపోయింది. చివరికి 2003లో ప్రభుత్వం 6.5 కోట్ల పౌండ్లు మళ్లీ పెట్టాల్సి వచ్చింది. కష్టకాలంలో అందరూ చూసేది ఖజానా వైపే. అలాంటప్పుడు మంచికాలంలో యాజమాన్యం మాత్రం వేరొకరి చేతిలో ఎందుకుండాలి?

ఏఏఐ నుంచి ఈ సేవల విభాగాన్ని విడదీసి ప్రత్యేక సంస్థ చేయాలన్న ఆలోచన ఢిల్లీలో చాలా ఏళ్లుగా నలుగుతున్నది. నేను దానికి అనుకూలుణ్ని. విమానాశ్రయాలు కట్టే ఖర్చూ ఆకాశం కాసే రాబడీ ఒకే సంచీలో ఉంటే టెర్మినల్ అద్దాలకు ముందు డబ్బు దొరుకుతుంది, సందేశ వ్యవస్థకు చివర దొరుకుతుంది. కాబట్టి సంచీ వేరు కావాలి. ఆ సంస్థ నూటికి నూరు శాతం ప్రజలదై ఉండాలి. రేపు కొద్ది శాతం వాటాలు అమ్ముకోవచ్చన్న సందు చట్టంలో ఉండకూడదు. రుసుము సొమ్ము కేంద్ర ఖజానాకు డివిడెండుగా పోకుండా ఒక నిధిలో నిలవాలి, విమానాలు ఆగిన ఏడాది జీతాలు అందులోంచి రావాలి. విమానయాన భద్రతను తనిఖీ చేసే డీజీసీఏ మంత్రిత్వ శాఖ కనుసన్నల్లోంచి బయటికి రావాలి. బోర్డులో తెర ముందు కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లకు సీటు ఉండాలి. చెడిపోతుందని ఉద్యోగులు రాసి ఇచ్చిన హెచ్చరికకు ఎన్ని రోజుల్లో ఏ జవాబు ఇచ్చారో ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి.

దాంతో పాటు ఇంకొక లెక్క. రాడార్ ఎంతకు కొన్నారో, టవర్ ఎన్ని కోట్లతో కట్టారో సభలో చెబుతారు. ఏ సెక్టారులో రాత్రి డ్యూటీకి ఎంతమంది కంట్రోలర్లు ఉండాలి, ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఖాళీలు ఎన్నాళ్లుగా నిండలేదు, అదనపు డ్యూటీలు ఎన్ని పడ్డాయి అన్నది ఎవరూ అడగరు. పౌర విమానయాన శాఖ ఇప్పుడు శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారి చేతిలో ఉంది, మన భాషలోనే అడగవచ్చు. మన ఎంపీ చేత ఈ ప్రశ్న వేయించే పని కొత్తకోట నుంచి మొదలుపెట్టండి. దానికి కావలసిన వివరాలు, సరైన మాటల్లో రాసిన ముసాయిదా నేను ఇచ్చి పోతాను.